వెస్ట్ బర్టన్: పదిహేడేళ్ల ఖాళీతో చేసిన సంభాషణ

గోడ మీద వేసిన బొమ్మలో ఫ్యూజన్ యంత్రం లోపలి ప్లాస్మా, అంటే విపరీతంగా కాగిన వాయువు, వేడి పదిహేను కోట్ల డిగ్రీలని రాసి ఉంది. సూర్యుడి నడిగర్భం కంటే పదింతలు. ఆ అంకె చూపించగానే హాలంతా ఉలిక్కిపడుతుందని అనుకున్నాను. ఎవరూ కదల్లేదు. టీ తాగుతూ విన్నారు. ప్రశ్నల వంతు వచ్చాక వెనక వరసలోని ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. బొగ్గు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. "మా మనవడికి పదకొండేళ్లు. మీ ప్లాంటులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే నాటికి వాడికి ఎన్నేళ్లుంటాయి?" అని అడిగారు.

అది 2023. ప్లాంటు 2040కి సిద్ధం చేయాలన్నది లక్ష్యం. "ఇరవై ఎనిమిది" అన్నాను. ఆయన తలూపి కూర్చున్నారు. నేను తెచ్చిన మిగతా నలభై బొమ్మలు ఆ సాయంత్రం ఎందుకూ పనికిరాలేదు.

ఇంగ్లండ్‌లోని నాటింగమ్‌షైర్‌లో, ట్రెంట్ నది ఒడ్డున ఉన్న వెస్ట్ బర్టన్ గురించి ఈ కేస్ స్టడీ. హైడ్రోజన్‌ను కలిపి హీలియంగా మార్చి, ఆ వేడితో కరెంటు తీసే పద్ధతి ఫ్యూజన్. బ్రిటన్ తన తొలి నమూనా ఫ్యూజన్ విద్యుత్ కేంద్రాన్ని అక్కడే కట్టాలనుకుంటోంది. ఆ ప్రాజెక్టును క్లుప్తంగా 'స్టెప్' అంటారు. నిర్మాణ బృందంతో నాకు ఉద్యోగ సంబంధం లేదు. పెద్ద ప్రాజెక్టుల చుట్టుపక్కల ఊళ్లలో ప్రజలతో సంప్రదింపులు నడపడం నా వృత్తి. ఒక చిన్న స్థానిక సంస్థ ఊరి హాళ్లలో సమావేశాలు నడిపి, ప్రశ్నలు పోగుచేసి, ఏది ఎవరి దగ్గరకు వెళ్లాలో తేల్చిపెట్టమని నన్ను పిలిచింది. ఇక్కడ రాసింది ఆ పనిలో చూసినదీ, బహిరంగంగా అందరికీ తెలిసినదీ.

బొగ్గు పోయిన లోయ

ఆ చోటు తెలియకుండా అక్కడి ప్రశ్నలు అర్థం కావు. నాటింగమ్‌షైర్, లింకన్‌షైర్ కౌంటీలను విడదీస్తూ పారే ట్రెంట్ వెంట ఒకప్పుడు వరసగా బొగ్గు విద్యుత్ కేంద్రాలుండేవి. ఆ లోయకు 'మెగావాట్ లోయ' అని పేరు. హై మార్నమ్ 2003లో మూతపడింది. కాటమ్ 2019 సెప్టెంబరులో ఆగింది. నాలుగు ఐదువందల మెగావాట్ల యూనిట్లతో మొత్తం 2000 మెగావాట్ల వెస్ట్ బర్టన్-ఎ 2023 మార్చి ఆఖరున ఆగింది. అదే నదికి ఎగువన, కౌంటీ దక్షిణ కొసన ఉన్న రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ 2024 సెప్టెంబరు 30న ఆగింది. దాంతో బ్రిటన్‌లో బొగ్గు కరెంటు చరిత్ర ముగిసింది.

గనులు అంతకు ముందే పోయాయి. కౌంటీలో చివరిదైన థోర్స్‌బీ గని 2015లో మూసేశారు. 1984–85 సమ్మెలో ఈ కౌంటీ గని కార్మికుల్లో ఎక్కువమంది పనిలోకి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. నలభై ఏళ్లు గడిచినా కొన్ని కుటుంబాలకు మాటల్లేవు. సమావేశంలో ఇద్దరు పక్కపక్కన కూర్చోకపోతే దానికి కారణం ఫ్యూజన్ కాకపోవచ్చునని ఒక పారిష్ కౌన్సిల్ గుమాస్తా మొదటి రోజే నన్ను హెచ్చరించారు. పారిష్ కౌన్సిల్ అంటే మన గ్రామ పంచాయతీకి దూరపు చుట్టం. అధికారాలు తక్కువ, ఓపిక ఎక్కువ.

వెస్ట్ బర్టన్ మూసివేత కూడా సాఫీగా జరగలేదు. అసలు 2022 సెప్టెంబరులో ఆపాలి. యుక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ కొరత భయం రావడంతో, చలికాలం దాకా సిద్ధంగా ఉంచమని ప్రభుత్వం కోరింది. 2023 మార్చి మొదట్లో చలిగాలులు వీచినప్పుడు ఆ యూనిట్లలో రెండింటిని నిజంగానే వెలిగించాల్సి వచ్చింది. మూడు వారాల తర్వాత శాశ్వతంగా ఆపేశారు. అక్కడ పనిచేసినవాళ్లకు ఈ సంగతి గర్వం. "పోతూ పోతూ దేశానికి కరెంటు ఇచ్చి పోయాం" అని నాతో కనీసం నలుగురు అన్నారు. ఫ్యూజన్ గురించి మాట్లాడటానికి వెళ్లేవాళ్లు ముందు ఈ మాట వినాలి. వినకుండా భవిష్యత్తు గురించి మొదలుపెడితే, చావు జరిగిన ఇంట్లో పెళ్లి మాటలు ఎత్తినట్లు ఉంటుంది.

స్థలం ఎలా ఎంపికైంది

ఈ వ్యవహారంలో నాకు బాగా నచ్చినదీ, లోపం కనిపించినదీ ఒకటే అంశం. 2020 డిసెంబరులో బ్రిటన్ అణుశక్తి సంస్థ "ఫ్యూజన్ కేంద్రం ఎక్కడ పెట్టాలి? స్థలాలు మీరే ప్రతిపాదించండి" అని పిలుపునిచ్చింది. ప్రభుత్వం ఒక చోటు నిర్ణయించి అక్కడివాళ్లను ఒప్పించడం కాకుండా, ఇష్టమున్నవాళ్లు ముందుకు రావడం పద్ధతి. గడువు 2021 మార్చి ఆఖరు. పదిహేను ప్రతిపాదనలు వచ్చాయి. పాత అణు విద్యుత్ కేంద్రాలున్న సెవర్న్ తీరం, సెల్లాఫీల్డ్ అణు కేంద్రం పక్కనున్న మూర్‌సైడ్, యార్క్‌షైర్‌లోని గూల్, స్కాట్లండ్‌లో ఒకప్పుడు ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్ తయారుచేయించిన ఆర్డీర్ కూడా పోటీ పడ్డాయి. పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ ఉన్న ఊరు సూర్యుడి కోసం దరఖాస్తు పెట్టుకోవడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఎంపికలో భూమి, నీరు, గ్రిడ్‌తో పాటు స్థానికుల ఆమోదాన్నీ, చుట్టుపక్కలకు కలిగే ఆర్థిక మేలునూ చూశారు. 2022 అక్టోబరు 3న వెస్ట్ బర్టన్ పేరు ప్రకటించారు. ప్రకటించింది అధికార పార్టీ మహాసభ వేదిక మీద. ప్రకటించిన మంత్రి జేకబ్ రీస్-మాగ్ ఆ నెల ముగిసేలోపే పదవి వదిలారు. అప్పటి ప్రధాని లిజ్ ట్రస్ అంతకంటే ముందే రాజీనామా ప్రకటించారు. తర్వాత రిషి సునాక్ వచ్చారు, 2024 జులైలో కియర్ స్టార్మర్ వచ్చారు. ఊరి హాలులో దీన్ని ఎవరూ రాజకీయ విమర్శగా మాట్లాడలేదు. వాతావరణం గురించి మాట్లాడుకున్నట్లు మాట్లాడుకున్నారు. "మాట ఇచ్చినవాళ్లు మూడు వారాలు లేరు. ప్లాంటు రావడానికి పదిహేడేళ్లు" అని ఒకామె అన్నారు. ఆ వాక్యాన్ని నా నివేదిక మొదటి పేజీలో పెట్టాను.

ఇక లోపం సంగతి. స్వచ్ఛందంగా ముందుకొచ్చింది ఎవరు? స్థల యజమానులు, కౌన్సిళ్లు. పక్క ఊళ్లవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలిసింది పత్రికల్లోనే. కౌన్సిల్ మేము ఎన్నుకున్నదే కదా అనేవాళ్లూ ఉన్నారు, మమ్మల్ని అడగలేదు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. కానీ నా అనుభవంలో, వ్యతిరేకత బలంగా పుట్టేది తమను అడగలేదన్న బాధలోంచే.

శ్రీకాకుళం జిల్లాలో మా పెదనాన్నతో ఫోనులో ఈ పని గురించి చెప్పాను. కొవ్వాడకు దగ్గర్లోనే ఆయన ఉండేది. ఆరు అణు రియాక్టర్లు పెడతామని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన చోటు అది.

"ఫ్యూజన్ అంటే కొవ్వాడలో పెడతామన్నదేనా?" అన్నారు.

"కాదు పెదనాన్నా. కొవ్వాడలో అణువును చీల్చేది. ఇది రెండింటిని కలిపేది."

"కలిపేదైతే మంచిదే. భూమి ఎవరిది?"

"మూసేసిన బొగ్గు ప్లాంటుదే."

"ఎవరినీ లేపడం లేదా? అయితే నీకు పనేముందిరా అక్కడ?"

ఆయన నాలుగు ముక్కల్లో తేల్చేసింది నేను ఒప్పుకోవాల్సిందే. సోంపేటలో 2010 జులైలో థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా బీల (చిత్తడి) భూముల కోసం జనం నిలబడినప్పుడు పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ గొడవ మూలంలో ఉన్నది నేల, నీరు, చేపలు. వెస్ట్ బర్టన్‌లో ఇళ్లు ఖాళీ చేయించాల్సిన పని లేదు. అరవై ఏళ్లుగా పొగగొట్టాలున్న చోటే కొత్తది వస్తుంది. ఇక్కడ కుదిరిన మర్యాద చాలావరకు ఆ అదృష్టం వల్ల వచ్చింది. సంప్రదింపుల గొప్పతనం వల్లే ఇదంతా జరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నా తప్పు, ఆపైన చీటీలు

మొదటి సమావేశంలో నేను చేసిన పొరపాటు చిన్నదేమీ కాదు. యంత్రం ఎలా పనిచేస్తుందో చెబితే భయం పోతుందనుకున్నాను. టోకమాక్ అంటే అయస్కాంతాలతో ప్లాస్మాను గోడలకు తగలకుండా పట్టి ఉంచే పాత్ర అనీ, డ్యుటీరియం, ట్రిటియం అనే రెండు రకాల హైడ్రోజన్ కలిసి హీలియంగా మారుతూ న్యూట్రాన్‌ను విసురుతాయనీ, ఆ న్యూట్రాన్ వేడినే కరెంటుగా మార్చాలనీ చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. అయితే వాళ్లకు ఆ భయమే లేదు. నేను లేని జబ్బుకు మందు పట్టుకెళ్లాను.

రెండో సమావేశం నుంచి బొమ్మలు మానేశాను. తలుపు దగ్గర ఖాళీ చీటీలు పెట్టాం. పేరు అక్కర్లేదు, ప్రశ్న రాసి పెట్టెలో వేయాలి. సగం సమయం ఆ చీటీలు చదవడానికే. ఇది నేను కనిపెట్టింది కాదు. సంప్రదింపుల పనిలో ముసలి పద్ధతి. అయినా సిగ్గరులు, కౌన్సిలర్ల ముందు నోరు తెరవని వాళ్లు, ప్లాంటు ఉద్యోగం మీద ఆశతో బాహాటంగా అనుమానం చెప్పలేనివాళ్లు చీటీ మీద రాస్తారు.

చీటీల్లో ఎక్కువ వచ్చింది లారీల గురించి. తర్వాత పాత ప్లాంటు కూల్చివేతలో లేచే దుమ్ము. తర్వాత వరద. 2023 అక్టోబరులో బాబెట్ తుపాను రెట్‌ఫర్డ్ ఇళ్లను ముంచింది. 2024 జనవరిలో హెంక్ తుపానుకు ట్రెంట్ పొంగి కౌంటీలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నది పక్కన అంత పెద్ద కట్టడానికి నేల ఎత్తు పెంచితే ఆ నీరు ఎవరి పొలంలోకి పోతుంది? ఒక రైతు గీసి ఇచ్చిన పటం మా దగ్గరున్న అధికారిక పటం కంటే మెరుగ్గా ఉంది. ఏ వాగు ఏ ఏడాది ఎక్కడ దారి మార్చిందో ఆయనకు తెలుసు. దాన్ని నకలు తీయించి సాంకేతిక బృందానికి పంపాం. నా లెక్కలో ఈ మొత్తం పనిలో దొరికిన అత్యంత విలువైన కాగితం అదే.

తర్వాత కరెంటు బిల్లు. "పక్కనే ప్లాంటు ఉంటే మాకు చవకగా ఇస్తారా?" ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఒక అంకె ముందుగానే చెప్పేయాలి. కొత్త కేంద్రం గ్రిడ్‌కు ఇవ్వాలనుకునే నికర విద్యుత్తు కనీసం 100 మెగావాట్లు. పోయిన బొగ్గు కేంద్రం 2000. అంటే ఇరవయ్యో వంతు. ఇది నమూనా. ఇలా కరెంటు తీయవచ్చునని నిరూపించడానికి కట్టేది. దేశం అవసరాలు తీర్చడానికి కాదు. కరపత్రాల్లో 'అపారమైన స్వచ్ఛ శక్తి' అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వంద మెగావాట్ల మాట లోపలి పేజీలో ఉంటుంది. మేము దాన్ని తిప్పేశాం. సమావేశం మొదట్లోనే పలక మీద రెండు అంకెలు రాసి పెట్టాం: 2000, 100. కొందరి మొహాలు చిన్నబోయాయి. ఒకాయన లేచి వెళ్లిపోయారు కూడా. కానీ ఆ తర్వాత చెప్పిన వాటిని మిగిలినవాళ్లు ఎక్కువగా నమ్మారు. చేదు ముందు మింగిస్తే తీపి మీద అనుమానం ఉండదు.

2022 డిసెంబరులో అమెరికాలోని లేజర్ ప్రయోగశాల ఇంధనానికి ఇచ్చిన శక్తి కంటే ఎక్కువ శక్తి తీసిందన్న వార్త కూడా చీటీల్లోకి వచ్చింది. "వాళ్లు చేసేశారట కదా, మీకు 2040 దాకా ఎందుకు?" అక్కడ ఇంధనం మీద పడిన లేజర్ శక్తి రెండు మెగాజౌళ్ల చిల్లర, వచ్చింది మూడు మెగాజౌళ్ల పైన. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి కరెంటు లైన్లోంచి తీసుకున్నది మూడువందల మెగాజౌళ్ల దాకా. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కల్హమ్‌లో నలభై ఏళ్లు నడిచిన జెట్ అనే టోకమాక్ 2023లో, ఆగిపోయే ముందు, 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్లు తీసి రికార్డు పెట్టింది. అయినా ఖర్చయిన దానికంటే వచ్చింది తక్కువే. ఈ లెక్క చెప్పాక ఒక వృద్ధురాలు "అంటే పొయ్యి వెలిగింది, అన్నం ఇంకా ఉడకలేదు, అంతేనా?" అన్నారు. ఆమె అన్నది వేరే వంటకం పేరు, నేను అన్నం చేశాను. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అణు అనే మాట

అన్నింటికంటే కష్టమైన సాయంత్రం చట్టం గురించి. 2023 ఇంధన చట్టం ప్రకారం ఫ్యూజన్ కేంద్రాలకు 1965 నాటి అణు స్థాపనల చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. పర్యావరణ సంస్థ, కార్మికుల భద్రత చూసే ఆరోగ్య భద్రతా సంస్థ పర్యవేక్షిస్తాయి. మామూలు అణు కేంద్రాలను చూసే నియంత్రణ సంస్థ పరిధిలోకి ఇది రాదు. శాస్త్రపరంగా ఇందులో తర్కం ఉంది. ఫ్యూజన్‌లో గొలుసు చర్య లేదు. ఏ సమయంలోనైనా పాత్రలో ఉండే ఇంధనం గ్రాముల్లో. ఏదైనా తేడా వస్తే ప్లాస్మా చల్లబడి ఆరిపోతుంది, చెర్నోబిల్ లాగా రగిలిపోదు. తీసి దాచాల్సిన వాడేసిన యురేనియం ఉండదు.

కానీ హాలులో వినిపించింది వేరు. "అణు కాకపోతే అణుశక్తి సంస్థ ఎందుకు కడుతోంది? అణు అయితే అణు లైసెన్సు ఎందుకు వద్దు?" ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు, రెండూ సబబే. ఒక వక్త "ఇది పూర్తిగా సురక్షితం" అన్నారు. ఆ మాట విన్న క్షణంలో గది చల్లబడింది. బొగ్గు ప్లాంటులో పనిచేసినవాళ్లకు పూర్తిగా సురక్షితమైన పని ఏదీ లేదని తెలుసు. నేను జోక్యం చేసుకోవాల్సి వచ్చింది.

తర్వాతి వారం అదే ఊళ్లో, అదే అంశం మీద, ఈసారి తలకిందులుగా మొదలుపెట్టాం. ముందు ఉన్న ప్రమాదాలు చెప్పాం. ట్రిటియం రేడియోధార్మికం. దాని సగం పన్నెండు ఏళ్ల పైచిలుకులో పోతుంది. దాని కిరణం చర్మం దాటదు, కానీ నీటిలో కలిసి శరీరంలోకి వెళితే హాని చేస్తుంది. అందుకే ఎంత బయటికి వదలవచ్చో పర్యావరణ సంస్థ పరిమితి పెడుతుంది, కొలుస్తుంది. న్యూట్రాన్లు తగిలి యంత్రం లోపలి లోహం కూడా రేడియోధార్మికమవుతుంది, దాన్ని జాగ్రత్తగా విప్పి దాచాలి. అది వేల ఏళ్ల సమస్య కాదని, వందేళ్ల లెక్కలో తగ్గుతుందని రూపకర్తల అంచనా. ఇంత చెప్పి, నది నీటిలో ట్రిటియం కొలతలు ఎవరు తీస్తారు, ఎక్కడ ప్రకటిస్తారు, ఊరివాళ్లు చెప్పిన చోట కూడా తీస్తారా అనే మూడు ప్రశ్నలు మేమే పలక మీద రాశాం. మూడో ప్రశ్నకు ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేదని అందులోనే రాశాం. ఆ సమావేశం ముందు దానికంటే ప్రశాంతంగా సాగింది. అందరూ ఒప్పుకున్నారని కాదు. వాదించడానికి ఒక గట్టి వస్తువు దొరికింది, అంతే.

నదికి అవతల

పటం చూస్తే ప్లాంటుకు దగ్గర్లోని పట్టణం గెయిన్స్‌బరో. నదికి అవతల ఉంది. అవతల అంటే వేరే కౌంటీ, వేరే జిల్లా కౌన్సిల్, వేరే ఆసుపత్రుల పాలన, ఇప్పుడు వేరే మేయరు కూడా. ప్రతిపాదన తెచ్చింది నాటింగమ్‌షైర్. ప్రతినిధి బృందాలన్నీ నాటింగమ్‌షైర్‌వే. కానీ లారీలు వెళ్లబోయేది గెయిన్స్‌బరో వంతెన మీదుగా అనే భయం అవతలివాళ్లకే. ఆ వంతెన 1791 నాటిది. నదిలో పోటు వచ్చినప్పుడు 'ఈగర్' అని పిలిచే కెరటం ఎగువకు ఎదురెక్కి ఆ వంతెన దాకా వస్తుంది. ఆ కెరటానికి తెలియని కౌంటీ సరిహద్దు మా ఆహ్వాన పత్రాలకు తెలిసింది. మొదటి రెండు నెలలు గెయిన్స్‌బరోలో ఒక్క సమావేశం కూడా లేదు. నన్ను నియమించిన సంస్థ పరిధి ఇవతలి ఒడ్డుకే అని రాసి ఉండటం దానికి కారణం. నేను అభ్యంతరం చెప్పాల్సింది. చెప్పలేదు. మూడో నెలలో గాని ఆ పని జరగలేదు, అప్పటికి అక్కడ "ఇది వాళ్ల ప్లాంటు, దుమ్ము మనది" అనే మాట పాకిపోయింది.

దీనికి తోడు అలసట. ఆ నాలుగైదేళ్లలో ఆ చుట్టుపక్కల పలు భారీ సౌర విద్యుత్ ప్రాజెక్టులకు సంప్రదింపులు జరిగాయి. వాటిలో ఒకదాని పేరు కూడా వెస్ట్ బర్టనే. పలకలు లింకన్‌షైర్ పొలాల్లో, తీగ వచ్చి కలిసేది ఇక్కడి సబ్‌స్టేషన్‌లో. ఇక్కడే పక్కన వెస్ట్ బర్టన్-బి అనే గ్యాస్ కేంద్రమూ ఉంది. 2012లో గ్యాస్ వ్యతిరేక ఉద్యమకారులు దాని పొగగొట్టాలెక్కి వారం పాటు కూర్చుంటే, యజమానులు యాభై లక్షల పౌండ్ల దావా వేసి, విమర్శలు వచ్చాక వదులుకున్నారు. ఇన్నింటికీ ఒకే పేరు. ఆ పేరున్న అసలు ఊరు ఎప్పుడో ఖాళీ అయిపోయింది, గడ్డి కింద దిబ్బలుగా మిగిలింది. ఒక చీటీ మీద ఇలా ఉంది: "ఇవాళ మేము ఏ వెస్ట్ బర్టన్‌కు ఒప్పుకోవాలి?" నవ్వు వచ్చింది, తర్వాత సిగ్గు వేసింది. ప్రతి ప్రాజెక్టూ తన సంప్రదింపులు తను చేసుకుంటుంది. వినేవాళ్లు మాత్రం ఒకరే. అదే హాలు, అవే కుర్చీలు, అదే వానాకాలపు సాయంత్రం.

పదిహేడేళ్ల పట్టిక

పెద్దాయన మనవడి ప్రశ్న నన్ను వదల్లేదు. బొగ్గు కేంద్రం 2023లో ఆగింది. ఫ్యూజన్ కేంద్రం అనుకున్నట్లు జరిగితే 2040లో వస్తుంది. పదిహేడేళ్లు. ఈ ఊళ్ల వాళ్లకు ప్రమాదం ప్లాస్మాలో లేదు, ఆ ఖాళీలో ఉంది. ఫిట్టరు, ఎలక్ట్రీషియను పిల్లలు ఈలోగా డాన్‌కాస్టర్‌కో లీడ్స్‌కో వెళ్లిపోతారు. ఇళ్ల ధరలు ఆశతో పెరిగి నిరాశతో పడతాయి. ప్రభుత్వాలు మారతాయి. ప్రతి కొత్త మంత్రీ వచ్చి ఫొటో తీయించుకుంటారు. నిర్మాణంలో వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పే ప్రతిసారీ, ఎప్పుడు అనే మాట చెప్పకపోతే, అది అప్పు పుట్టిస్తున్నట్లే.

అందుకని ఒక పెద్ద కాగితం మీద 2023 నుంచి 2040 దాకా ఏడాదికొక గడి గీసి గోడకు అంటించాం. తెలిసినవి నల్ల సిరాతో, ఆశించేవి పెన్సిల్‌తో, తెలియనివి ఖాళీగా. భావనాత్మక రూపకల్పన దశ 2024లో ముగియడం నల్ల సిరా. 2025 జూన్‌లో ప్రభుత్వం ఐదేళ్లకు ఫ్యూజన్ రంగానికి 250 కోట్ల పౌండ్లు ప్రకటించినప్పుడు అది కూడా నల్ల సిరా అయింది. అందులోంచి పెన్సిల్‌లో ఏమేమి రావచ్చునన్న వాదన ఒక సాయంత్రమంతా నడిచింది. నిర్మాణ అనుమతి, తవ్వకం మొదలు, శిక్షణ కేంద్రం తలుపులు తెరవడం పెన్సిల్. మధ్యలో చాలా గడులు ఖాళీ.

మొదట నిర్మాణ పక్షం వాళ్లలో ఒకరు ఆ ఖాళీ గడులు చూసి ఇబ్బందిపడ్డారు. అన్నీ తెలియవన్నట్లు కనిపిస్తుందని. నిజంగానే తెలియవు కదా అన్నాను. ఊరివాళ్లు ఆ ఖాళీల్లోనే తమ మాటలు రాశారు. ఒక గడిలో 'ఈలోగా బస్సు నడపండి' అని. ఇంకో గడిలో 'రిటైరైన ఫిట్టర్ల చేత నేర్పించండి, ఇంకో పదేళ్లకు మేముండం' అని. ఈ రెండో మాట శిక్షణ కేంద్రం రూపురేఖల చర్చలో ప్రస్తావనకు వచ్చిందని విన్నాను. బస్సు మాట ఎక్కడికి పోయిందో తెలియదు. పల్లె బస్సులు ఏ శాఖ కిందికీ రావన్నది ఇంగ్లండ్‌లోనూ నిజమే.

పట్టికకు ఒక బలహీనత ఉంది. దాని ముందు నిలబడేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. సాయంత్రం ఏడు గంటలకు ఊరి హాలుకు పదిహేడేళ్ల పిల్లలు రారు. వాళ్లను పట్టుకోవడానికి బడులకు వెళ్లాం, అక్కడ టీచర్లు ఎంచి కూర్చోబెట్టిన మంచి విద్యార్థులు దొరికారు. నిజంగా వెళ్లిపోబోయేవాళ్లు దొరకలేదు. ఈ భాగంలో నా పని విఫలమైందనే రాసుకున్నాను.

ఇప్పుడున్న పరిస్థితి

ఇలాంటి పెద్ద ప్రాజెక్టులకు 2008 ప్రణాళికా చట్టం కింద జాతీయ స్థాయి అనుమతి కావాలి. దరఖాస్తుకు ముందు స్థానికులతో సంప్రదించి తీరాలని ఆ చట్టం చెప్పేది. జాప్యం తగ్గించడానికి ఆ నిబంధనను తొలగిస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రకటించింది. ఫ్యూజన్‌కు ప్రత్యేక జాతీయ విధానం మీద 2024లోనే అభిప్రాయాలు అడిగారు. వేగం కావాలన్న వాదనలో బలం లేకపోలేదు. సంప్రదింపుల పేరుతో జరిగే తంతులు నేనూ చాలా చూశాను, కొన్నింటిలో పాల్గొన్నాను కూడా. కానీ నిబంధన ఉన్నప్పుడు కూడా నది అవతలికి వెళ్లడానికి మాకు మూడో నెల వచ్చింది.

మన దగ్గర 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన కింద ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. స్థలం, రియాక్టరు, కంపెనీ అన్నీ ఖాయమయ్యాక, షామియానా కింద, పోలీసుల మధ్య ఒక రోజు జరిగే సభ అది. ఇక్కడ జరిగినది ఎన్ని లోపాలున్నా దానికి తలకిందులు. ముందు పిలుపు, తర్వాత స్థలం. మా ఊరివాళ్లకు ఇది చెబితే "మీకు ముందు అడిగే తీరిక ఉంది" అన్నారు. తీరిక ఉంది. భూమి కూడా ఖాళీగా ఉంది.

2025 ఆగస్టులో పక్కనున్న కాటమ్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టారు. పొలాల అంచున నిలబడి జనం చూశారు. వెస్ట్ బర్టన్‌వి కూడా ఎనిమిది. పాత ప్లాంటును లోయలో అందంగా అమర్చినందుకు 1968లో సివిక్ ట్రస్ట్ అనే సంస్థ పురస్కారం వచ్చిందని కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. పెద్దాయనకు ఆ టవర్ల గురించి ఒకటే కోరిక. కూల్చే రోజు ఎంత ముందుగా చెబుతారని. పాత సహోద్యోగులను పిలవాలట, కొందరు స్పెయిన్‌లో ఉన్నారట.

ఆ ప్రశ్నను పట్టికలో ఒక ఖాళీ గడిలో పెన్సిల్‌తో రాసి, కింద జవాబు కోసం జాగా వదిలాను. తర్వాతి సమావేశాన్ని గెయిన్స్‌బరోలో, వంతెనకు దగ్గర్లో పెట్టమని అడిగాను. ఒప్పుకున్నారు. పట్టికను చుట్టచుట్టి నదికి అవతలకు తీసుకెళ్లాలి, హాలు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కోవాలి.